వరిగడ్డి పుట్టగొడుగు: 12 బెడ్లు వేశా, ఒక్క గుడ్డు కూడా రాలేదు

ఇచ్ఛాపురం కుర్రోడు (జూన్ 14)

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా, ఒడిశా బోర్డరు. బరంపురం వెళ్ళినప్పుడల్లా పొద్దున్నే బజార్లో బుట్టల కొద్దీ పాల చత్తు అమ్ముతుంటే చూసి ఆశపడ్డాను. ఒడియాలో పాల అంటే గడ్డి, అదే మన వరిగడ్డి పుట్టగొడుగు. మావైపు గడ్డికి లోటు లేదు, కానీ దీన్ని వేసేవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ కనబడలేదు.

మే నెలాఖరున భువనేశ్వర్ వైపు ఒక ల్యాబు నుంచి 12 ప్యాకెట్ల విత్తనం (గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు) తెచ్చాను. కొబ్బరితోటలో తాటాకు పాక వేసి జూన్ 1న 12 బెడ్లు (తడి గడ్డి వరసల మధ్య విత్తనం పెట్టి పేర్చినవి) వేశాను. ఇవాళ్టికి 13 రోజులు. ఒక్క గుడ్డు, అంటే ఇంకా విప్పుకోని పుట్టగొడుగు, లేదు. పైగా బెడ్ల పక్కల నుంచి సన్నకాడల బూడిద రంగు గొడుగులు పొద్దున లేస్తాయి, మధ్యాహ్నానికి సిరా పోసినట్టు నల్లగా కారిపోతాయి. ల్యాబువాళ్ళు పాత విత్తనం అంటగట్టారని నా అనుమానం. పాకతో కలిపి ఆరు వేలు దాటింది. ఫోన్ చేసి కడిగెయ్యనా, లేక తప్పు నాదేనా?

గోదారి గట్టు (జూన్ 14)

కారిపోయేవి కుక్కగొడుగులు బ్రదర్. కూర వండుకుని ఆ తర్వాత ఫోరమ్‌లో కనబడకపోతే మాకు బెంగ.

మిల్కీ మల్లన్న (జూన్ 14)

తమ్మీ, మొదటిసారే వరిగడ్డిది ఎందుకు పెట్టుకున్నవ్? పాల పుట్టగొడుగు వేసుకో, గదే తెల్లటి మిల్కీ రకం. మాది సిద్దిపేట దిక్కు, నాలుగేండ్ల సంది అదే వేస్తున్న. 30 నుంచి 35 డిగ్రీల వేడిల మంచిగ వస్తది. కోసినంక రెండు మూడు రోజులు బయట పెట్టినా గట్టిగ ఉంటది. నీ పాల చత్తు పొద్దున కోస్తే సాయంత్రానికి గొడుగు విప్పుకుంటది, దాన్ని ఎవడు కొంటడు?

పాత ల్యాబు (జూన్ 14)

బాబూ, ల్యాబుతో గొడవ తర్వాత చూసుకుందురు. ముందు ఇవి చెప్పండి. గడ్డి చేత్తో కొట్టిందా, మిషన్ గడ్డా? ఎన్ని గంటలు నానబెట్టారు? పప్పు పిండి ఎంత చల్లారు? బెడ్డు లోపల వేడి ఎలా ఉంది? విప్పి చూస్తే విత్తనం చుట్టూ దారాలు ఏమైనా పాకాయా?

ఈ పుట్టగొడుగుకి విత్తనం పెట్టిన నాలుగైదు రోజులకే గడ్డిలో సన్నటి దారాలు కనబడాలి. ముత్యపుచిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు రకానికి వచ్చినట్టు సున్నం కొట్టినంత తెల్లగా ఉండవు, కాస్త మసకగా ఉంటాయి, వెలుతురులో దగ్గరగా చూడాలి. తొమ్మిది పది రోజులకు గుండుసూది తలలంత మొగ్గలు వస్తాయి. 12 నుంచి 14 రోజుల్లో కోత మొదలవ్వాలి. 13 రోజులైనా మొగ్గ లేదంటే ఆ బెడ్ల మీద ఆశ వదులుకోవడమే.

ఇచ్ఛాపురం కుర్రోడు (జూన్ 15)

మాస్టారూ, గడ్డి మిషన్‌ది కాదు. మా పెదనాన్నవాళ్ళు ఆవుల కోసం చేత్తో కొట్టించి వాము వేసుకున్నది. రెండు రోజులు నానబెట్టాను. బెడ్డుకి 10 కిలోల గడ్డి, నాలుగు వరసలు. శనగపిండి బెడ్డుకి కిలో (ఎక్కువేస్తే ఎక్కువ కాస్తాయని ఎవరో వీడియోలో చెప్పారు). థర్మామీటర్ లేదు. మొదటి మూడు రోజులు చెయ్యి పెడితే బాగా వెచ్చగా ఉండేది, ముక్కు మూసుకునేంత ఘాటు కంపు. ఇప్పుడు విప్పి చూశాను. విత్తనం ఎలా పెట్టానో అలాగే ఉంది, గింజలు నల్లబడ్డాయి. దారాలు లేవు.

బరంపురం బుజ్జమ్మ (జూన్ 15)

తమ్ముడూ, కిలో శనగపిండా! బెడ్డు వేశావా, బజ్జీలు వేశావా?

మేము బరంపురంలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగోళ్ళం. మా సంఘంలో ఎనిమిదిమంది ఆడవాళ్ళం కలిసి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పాల చత్తు వేస్తాం, చలికాలం వస్తే ధింగ్రీ, అంటే మీ ముత్యపుచిప్ప. 10 కిలోల గడ్డికి మేం వేసేది 200 గ్రాముల పిండి, అదీ నాలుగు వరసలకీ పంచి. శనగపిండి ఖరీదైతే ఉలవపిండి. గడ్డి సాయంత్రం నానబెట్టి పొద్దున తీసేస్తాం. తీశాక ఏటవాలుగా పెట్టి నీళ్ళు ఓడనిస్తాం. గడ్డిని చేత్తో మెలిపెడితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. పిండి ఎక్కువై గడ్డి కుళ్ళితే ఆ ఘాటు వస్తుంది. ఆ ఘాటులో హాయిగా పెరిగేవి కుక్కగొడుగులే.

కానీ ఒక మాట. అవన్నీ పంట తగ్గించే తప్పులు. పన్నెండు బెడ్లలో ఒక్కదానిలోనూ ఒక్క దారం పాకలేదంటే సంగతి వేరే ఉంది. విత్తనం తెచ్చిన రోజే పెట్టావా? మధ్యలో ఎక్కడ ఉంచావు?

ఇచ్ఛాపురం కుర్రోడు (జూన్ 15)

పాక పని ఆలస్యమైంది అక్కా. ఆరు రోజులు ఇంట్లోనే ఉంచాను. ఎండకి పాడవుతుందని ఫ్రిజ్‌లో పెట్టాను, కింది అరలో.

బరంపురం బుజ్జమ్మ (జూన్ 15)

అయ్యో నాయనా.

గోదారి గట్టు (జూన్ 15)

చంపింది ఫ్రిజ్, కేసు ల్యాబు మీద!

పాత ల్యాబు (జూన్ 15)

నవ్వకండి, ఈ పొరపాటు చదువుకున్నవాళ్ళే ఎక్కువ చేస్తారు. పుట్టగొడుగు విత్తనం చల్లగా ఉంచాలని బటన్ రకం గురించి రాసిన పుస్తకాల్లో ఉంటుంది. బటన్‌కి అది సరే, చాలా ముత్యపుచిప్ప రకాలకూ సరే. వరిగడ్డి పుట్టగొడుగు పుట్టుకే వేరు. దాని దారాలు బాగా పాకేది 30 నుంచి 35 డిగ్రీల దగ్గర. 15 కి దిగితే పెరుగుదల నిలిచిపోయినట్టే. 4 డిగ్రీల దగ్గర, అంటే ఇంట్లో ఫ్రిజ్ వేడిమి దగ్గర, కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి. కోసిన గుడ్లదీ అదే కథ. ఫ్రిజ్‌లో పెడితే నీరు కారి ముద్దయిపోతాయి. గులాబీ రంగు చిప్ప రకానికీ చలి పడదు. మల్లన్నగారి పాల పుట్టగొడుగు విత్తనాన్ని కూడా గది వేడిమిలోనే ఉంచాలి.

అయినా ఊహతో తేల్చొద్దు. ఫ్రిజ్‌లో పెట్టినదాంట్లో కొంచెం మిగిలిందా? మిగిలితే ఇలా చెయ్యండి. గుప్పెడు గడ్డి ముక్కలు గంటసేపు ఉడకబెట్టి వార్చి చల్లార్చండి. రెండు డబ్బాల్లో సర్దండి. ఒకదానిలో ఫ్రిజ్ విత్తనం, రెండోదానిలో అదే ల్యాబు నుంచి తాజాగా తెచ్చిన విత్తనం. మూత వదులుగా పెట్టి వంటింట్లో ఒక మూల ఉంచండి. మూడు రోజుల్లో జవాబు వాటంతట అవే చెబుతాయి. ల్యాబుకి ఫోన్ ఆ తర్వాత.

మెల్‌బోర్న్ బావ (జూన్ 16)

సంబంధం లేని మాటే, అయినా చెప్పకుండా ఉండలేను. ఆసియా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ పార్కుల్లో ఓక్ చెట్ల కింద గుడ్డు లాంటి పుట్టగొడుగు చూసి, మనం తినేదే కదా అనుకుంటారు. అది డెత్ క్యాప్. గుడ్డు దశలో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. 2012 మొదట్లో కాన్‌బెర్రాలో కొత్త సంవత్సరం విందులో దాన్ని వండుకున్నవాళ్ళలో ఇద్దరు చనిపోయారు. వండినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, బెడ్డు మీద మీరు వేసుకున్నది తినండి. నేల మీద దొరికింది వద్దు.

మిల్కీ మల్లన్న (జూన్ 16)

బావ చెప్పింది నిజం. గని మా ఊర్ల వానలు పడంగనే పుట్టమీద లేసేటియి తినకుండ ఎట్లుంటం? చిన్నప్పటి సంది తింటున్నం. మాస్టారూ, వాటిని షెడ్డుల పెంచే తరీఖా లేదా? కిలో మటన్ రేటు పలుకుతయి.

పాత ల్యాబు (జూన్ 16)

లేదండి. మన భాషలో పేరు పెట్టినవాళ్ళకి విషయం తెలుసు. పుట్టగొడుగు అసలు పుట్టదే. చెదపురుగులు పుట్ట లోపల ఒక తోటలాంటిది కట్టి ఆ బూజుని మేపుకుంటాయి, దాని మీద బతుకుతాయి. పురుగు లేకుండా ఆ బూజు గొడుగు కట్టదు. ల్యాబు పళ్ళెంలో దారాలు పెంచగలిగారు గానీ, వ్యాపారానికి పనికొచ్చేలా గొడుగు లేపే పద్ధతి ఇంతవరకూ లేదు. దాని విత్తనం ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

పాల పుట్టగొడుగుది మాత్రం అందుకు పూర్తిగా తిరగబడ్డ కథ. మన నేల మీద అడవిగా మొలిచేదాన్నే పట్టి మచ్చిక చేశారు. 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి దాన్ని శాస్త్రీయంగా గుర్తించి పేరు పెట్టారు. చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే-2 అనే రకం విడుదల చేశాకే రైతుల చేతికి వచ్చింది. బటన్ రకం బయటి నుంచి వచ్చింది. ఇది మన సొంతం.

చిప్ప కామాక్షి (జూన్ 17)

మాస్టారూ, మీరున్నారు కాబట్టి నాదీ ఒకటి అడుగుతా. నెల్లూరులో మేడ మీద 200 సంచుల ముత్యపుచిప్ప వేస్తాను. ఈమధ్య గదిలోకి పొద్దున వెళ్తే దగ్గు తెర, రాత్రికి ఒళ్ళు వెచ్చబడుతోంది. ఒక వారం ఊరెళ్తే తగ్గింది. వచ్చాక మళ్ళీ మొదలు. మందులేమో అనుకుని, గడ్డి శుద్ధికి వాడే ఫార్మాలిన్, బావిస్టిన్ మానేసి వేడినీళ్ళకు మారాను. అయినా అంతే.

పాత ల్యాబు (జూన్ 17)

ఫార్మాలిన్ మానడం మంచిదే, కానీ మీ దగ్గు దానిది కాకపోవచ్చు. చిప్పలు పెద్దవై అంచులు పైకి తిరిగాక కోట్ల కొద్దీ బీజాలు (స్పోర్లు) రాలుస్తాయి. గదిలో తెల్లటి పొగలా, నేల మీద పిండిలా కనబడేది అదే. రోజూ పీలిస్తే కొందరి ఊపిరితిత్తులకు పడదు. అంచులు లోపలికి ముడుచుకుని ఉండగానే కొయ్యండి. లోపలికి వెళ్ళే ముందు కిటికీలు తెరిచి ఫ్యాన్ వెయ్యండి, మంచి మాస్క్ పెట్టుకోండి. డాక్టరుతో మాత్రం పుట్టగొడుగుల గదిలో పని చేస్తానని మీరే చెప్పాలి, వాళ్ళకి తట్టదు.

గోదారి గట్టు (జూన్ 17)

బీజాలు రాల్చని చిప్ప తయారు చేస్తే గొడవ వదిలిపోతుంది కదా మాస్టారూ? వరిలో, మిరపలో ఏటా కొత్త రకం వస్తుంది. పుట్టగొడుగులో ఎందుకు రాదు?

పాత ల్యాబు (జూన్ 18)

వస్తుంది. బీజాలు లేని, లేదా చాలా తక్కువ రాల్చే చిప్ప రకాల మీద మన దేశంలోనూ బయటా పని జరిగింది. చిప్పలో సంకరం చెయ్యడం సులువు కూడా. ఒక్కో బీజాన్ని విడిగా పళ్ళెంలో మొలిపిస్తే, ఆ ఒంటరి బూజు తనంతట తాను కాయదు, జోడు కావాలి. రెండు మంచి రకాల ఒంటరి బూజులను ఎదురెదురుగా పెడతాం. కలిస్తే మైక్రోస్కోపులో దారాల కణుపుల దగ్గర చిన్న ముడి కనబడుతుంది. దాన్ని క్లాంప్ అంటాం. ముడి కనబడితే పెళ్ళి అయినట్టే. అక్కడి నుంచి వందల జంటలు కలిపి, సంచుల్లో వేసి, కాసినవాటిలో మేలైనవి ఏరుకోవడమే. ఓపిక పని, కానీ దారి తెలిసిన పని.

వరిగడ్డి పుట్టగొడుగు దగ్గరికొచ్చేసరికి మా చేతులు కట్టేసినట్టు ఉంటుంది. ఇందులో ఒక్క బీజం నుంచి వచ్చిన బూజు కూడా చాలాసార్లు జోడు లేకుండానే కాసేస్తుంది. పైగా ఆ క్లాంప్ ముడి ఇందులో ఉండదు. రెండిటినీ పక్కపక్కన పెట్టామే అనుకోండి, కలిశాయో లేదో కంటితో చెప్పలేం. డీఎన్‌ఏ గుర్తులు చూసి తేల్చుకోవాలి. దీని జన్యుపటం 2013లో వచ్చింది, అప్పటి నుంచి ఆ పని కొంత నయం. మన దేశంలో 1943లోనే కోయంబత్తూరులో దీన్ని పెంచడం మొదలుపెట్టారు. అంత పాత పంటైనా సంకర రకాల్లో చిప్ప కంటే వెనకబడిందంటే కారణం ఇదే.

ఇక రెండో సమస్య మూల కల్చరు, అంటే విత్తనం తయారీకి ల్యాబులో బతికించి ఉంచే అసలు బూజు. ఫ్రిజ్‌లో దాచలేం కాబట్టి కొద్ది వారాలకోసారి కొత్త పళ్ళెంలోకి మార్చుతూ ఉండాలి. మార్చిమార్చి బూజు నీరసపడుతుంది, కాపు తగ్గుతుంది. బయటికి తెల్లగా, చురుగ్గానే కనబడుతుంది, గుడ్లు మాత్రం కట్టదు. రైతు తన పాకనే తిట్టుకుంటాడు. నేను ల్యాబులో ఉన్న రోజుల్లో ఆ పని మేమూ చేశాం, తెలియకనే.

ఇచ్ఛాపురం కుర్రోడు (జూన్ 19)

డబ్బాల పరీక్ష అయింది. తాజా విత్తనం డబ్బాలో రెండో రోజుకే గడ్డి మీద సాలెగూడు అల్లినట్టు దారాలు. ఫ్రిజ్ డబ్బాలో ఏమీ లేదు, ఇవాళ ఒక పక్క పచ్చ బూజు మొదలైంది. ల్యాబుకి ఫోన్ చెయ్యకుండా ఆపినందుకు మాస్టారికి దండం. ఆ ప్యాకెట్ మీద ‘చల్లగా ఉంచరాదు’ అని ఒక్క ముక్క రాసుంటే బాగుండేది, అది మాత్రం అడుగుతాను.

మళ్ళీ ఆరు బెడ్లు వేస్తాను. గడ్డి సరిపోదేమో. పెదనాన్న ఇంక ఇవ్వనంటున్నాడు, ఊళ్ళో మిగతాది మిషన్ గడ్డి.

బరంపురం బుజ్జమ్మ (జూన్ 19)

మిషన్ గడ్డి నలిగి ముక్కలై ఉంటుంది, కట్టలు కట్టడానికి రాదు. బెడ్డు కూలబడి లోపల గాలి ఆడదు. మాకూ ఇక్కడ ఆ బాధ మొదలైంది. పెదనాన్న కాళ్ళు పట్టుకో. తొలి కాపులో ఆయనకో కిలో ఇస్తానను.

గోదారి గట్టు (జూన్ 19)

మలేసియా, ఇండోనేసియాల్లో ఆయిల్ పామ్ పండ్లు తీసేశాక మిగిలే ఖాళీ గెలల మీద ఇదే పుట్టగొడుగు పండిస్తారట. మా పాత పశ్చిమగోదావరి జిల్లాలో తోటలున్నాయి, పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. గెలలు కుప్పలు పడుంటాయి. ఎవరైనా చేసి చూశారా?

పాత ల్యాబు (జూన్ 20)

నిజమే, అక్కడ అది మామూలు పద్ధతి. గెలలను కుప్పేసి తడిపి కొన్నాళ్ళు మగ్గబెట్టాలి. పత్తి మిల్లు చెత్త ఇంకా మేలు. 1970ల్లో హాంకాంగ్‌లో మొదలైంది ఆ పద్ధతి. గడ్డి మీద 10 కిలోలకు కిలో, కిలోన్నర వస్తే, ఆవిరి పట్టిన పత్తి చెత్త మీద మూడు కిలోల పైనే తీస్తారు. కాకపోతే దానికి ఆవిరి గది కావాలి, తాటాకు పాక సరిపోదు. మా కుర్రాడు ముందు గడ్డి మీద పండించనివ్వండి.

ఒక్కటి మర్చిపోకండి. ప్లాస్టిక్ కప్పాక బెడ్డు లోపల వేడి 35, 38 మధ్య ఉండాలి. 40 దాటుతుంటే కాసేపు ప్లాస్టిక్ ఎత్తండి. వంద రూపాయల థర్మామీటర్ ఒకటి గుచ్చండి, చెయ్యి పెట్టి చూడటం వద్దు. ఏడో రోజు ప్లాస్టిక్ తీసి పొగలా నీళ్ళు చిమ్మండి, మొగ్గల మీద ధార పడకూడదు.

ఇచ్ఛాపురం కుర్రోడు (జూలై 8)

ఆలస్యంగా రాస్తున్నా, తీరిక లేదు. జూన్ 24న ఆరు బెడ్లు. గడ్డి 12 గంటలు, పిండి 200 గ్రాములు, విత్తనం తెచ్చిన మర్నాడే. తొమ్మిదో రోజు పొద్దున టార్చి వేసి చూస్తే గడ్డి సందుల్లో తెల్లటి ఆవాలు! మా అమ్మని నిద్రలేపి మరీ చూపించాను.

ఐదు బెడ్లకి ఇప్పటిదాకా 4 కిలోల 700 గ్రాములు. ఎక్కువ కాసింది కిలో 300, తక్కువ కాసింది 600. ఆరోది పాక కారి తడిసిపోయింది, మీద గోధుమరంగు ఆవగింజల్లాంటివి, కుళ్ళు వాసన, తీసి దూరంగా పారేశాను. పెదనాన్నకి కిలో చేరింది. ఇంకో వాము అడగమంటున్నాడు, తనే.

ఒక దెబ్బ తిన్నాను. మొన్న రాత్రి సోంపేటలో పెళ్ళికి వెళ్ళి పొద్దున ఏడుకి వచ్చా. అప్పటికి కిలోకి పైగా గుడ్లు చీలి గొడుగులు విప్పుకున్నాయి. బరంపురం బజార్లో బేరగాడు సగం రేటు ఇచ్చాడు.

బరంపురం బుజ్జమ్మ (జూలై 8)

గుడ్డు పైన కాస్త సాగి, కోలగా అయిందంటే ఇక ఆగదు తమ్ముడూ. మేం తెల్లారి నాలుక్కి ఒకసారి, సాయంత్రం ఒకసారి కోస్తాం. పెళ్ళిళ్ళకి మా ఆయన్ని పంపుతాం. విప్పుకున్నవి అమ్మకు, ఇంట్లో ఆవపిండి, వెల్లుల్లి నూరి వండుకో, రుచి ఏం తగ్గదు. సగం రేటుకిస్తే ఆ బేరగాడు రేపు మంచివాటికీ అదే రేటు అంటాడు.

మిల్కీ మల్లన్న (జూలై 8)

సంతోషం తమ్మీ. అయినా నేను అన్నదే అంట, పాల పుట్టగొడుగైతే పెండ్లి భోజనం తిని రెండ్రోజులు ఉండి రావచ్చు.

ఇచ్ఛాపురం కుర్రోడు (జూలై 9)

అన్నా, అక్టోబరు దాకా ఇదే, ఆ తర్వాత మీ దగ్గరికే వచ్చి నేర్చుకుంటా. మాస్టారూ, కిలో 300 కాసిన బెడ్డులో ఒక గుడ్డు పిడికిలంత ఉంది, నల్లగా గట్టిగా. దాన్నుంచి విత్తనం తీసుకోవచ్చా?

పాత ల్యాబు (జూలై 9)

తీయొచ్చు. ఇంకా చీలని గుడ్డు కావాలి, తొలి కాపులోది. నిలువునా చీల్చి, లోపల గొడుగూ కాడా కలిసే చోట నుంచి గింజంత ముక్క పళ్ళెంలోకి. అది మీ పాకలో అయ్యే పని కాదు, ల్యాబు కావాలి. ఒక్క పెద్ద గుడ్డు చూసి మురిసిపోవద్దు. ఆ బెడ్డుకి నీడ బాగా పడిందో, పిండి ఎక్కువ అందిందో ఏమో. దాని విత్తనంతో ఐదు బెడ్లు, మామూలు విత్తనంతో ఐదు పక్కపక్కన వేసి తూకం రాయండి. మూడుసార్లు అదే గెలిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఆ గుడ్డు ఇప్పుడు ఎక్కడుంది?

ఇచ్ఛాపురం కుర్రోడు (జూలై 9)

అమ్మ కూర వండేసింది మాస్టారూ.